బొట్టంత పెచ్చు

ఆయన పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను ఆయన గురించే మాట్లాడుతున్నాను. మంచిగా కాదు.

శంషాబాద్ దగ్గర మా మరమ్మతుల షెడ్డులో కొత్తగా ఎవరు చేరినా మొదటి పాఠం నేనే చెప్పాలి. అరిగిపోయిన యంత్ర భాగాల మీద లోహపు పొడిని విపరీతమైన వేగంతో కొట్టి, పోయిన మందాన్ని తిరిగి తెచ్చే పని మాది. కోల్డ్ స్ప్రే అంటారు. ఆ పనికి శుభ్రత ఎంత ముఖ్యమో చెప్పడానికి గోడకు ప్లాస్టిక్ కవర్లో ఒక పాత కాగితం తగిలించి ఉంచాను. ఒక పెద్దాయన అలవాటు మానుకోలేక, శుభ్రం చేసి పెట్టిన గేరుబాక్సు మూత మీద ఒట్టి చెయ్యి పెట్టాడనీ, వేసిన పూత సరిగ్గా అక్కడే లేచిపోయిందనీ ఆ కాగితం చూపించి చెబుతాను. ఏటేటా ఆ కథకు కాస్త మసాలా కూడా కలిపాను. మొన్న నలుగురు కొత్తవాళ్లు వింటున్నారు. వాళ్లలో ఒకతను సంతకం చదవడానికి కాగితం వైపు వంగాడు. అప్పుడే మా యజమాని ఫోన్ చేశాడు. బాపు పోయాడట, పొద్దున చాయ్ తాగి మంచం మీద ఒరిగాడట, మళ్లీ లేవలేదట.

నేను పాఠం ఆపలేదు. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ ఆపలేదు. మిగిలిన నాలుగు ముక్కలూ చెప్పి, వాళ్లను చాయ్‌కి పంపించి, అప్పుడు కూలబడ్డాను.

ఆయన్ని అందరం బాపు అనే పిలిచేవాళ్లం. అసలు పేరు హాజరు పట్టీలోనూ, ఆ కాగితం మీదా తప్ప ఇంకెక్కడా ఉండేది కాదు. ఇక్కడ కూడా రాయను. ఆ కాగితం మీద ఇన్నేళ్లు ఉన్నది చాలు.

బాపు ఫిట్టరు. వెల్డింగూ ఆయనదే. మంఖాల్ నుంచి రోజూ పాత మోపెడ్ మీద వచ్చేవాడు. మనిషి సన్నం, చేతులు మాత్రం ఎవరో పెద్దమనిషివి తెచ్చి తగిలించినట్టు ఉండేవి. ఆ చేతులు దేన్నీ ముట్టుకోకుండా ఉండలేవు. మా యజమానిని మేం సేటు అంటాం. ఆయన కొత్త కారు కొనుక్కుని వస్తే అందరూ చుట్టూ తిరిగి చూసి బాగుందన్నారు. బాపు బానెట్ నిమిరాడు, తలుపు అంచు వెంట బొటనవేలు నడిపించాడు, ఇక్కడ జర ఎత్తున్నది అన్నాడు. సేటు ముఖం చిన్నబోయింది. కారైనా అంతే, బజార్లో వంకాయైనా అంతే. చెయ్యి పెట్టనిదే చూసినట్టు కాదు ఆయనకు.

అరిగిన భాగం ఏదైనా చేతికిస్తే ముందు కళ్లు మూసుకునేవాడు. గోటితో గీతల వెంట మెల్లగా వెళ్లి, ఆ యంత్రం నడిపే మనిషి ఎలాంటివాడో చెప్పేవాడు. వీనికి కోపం జాస్తి, గేరు వెయ్యడు, కొడ్తడు. ఈమెకు ఓపికున్నది, అన్ని దిక్కులా సమంగ అరిగింది. ఒకసారి విమానాశ్రయంలో సామాను లాగే బండి ఇరుసు వచ్చింది. అది ఒకవైపే అరిగింది. డ్రైవరు ఎప్పుడూ ఎడమకే తిప్పుతున్నాడనీ, అటు దిక్కున చాయ్ హోటల్ ఉండి ఉంటుందనీ తేల్చేశాడు. నిజమో కాదో మేం కనుక్కోలేదు. కానీ ఆ ఇరుసు తీసుకెళ్లడానికి వచ్చిన మనిషి చేతిలో చాయ్ గ్లాసు చూసి అందరం నవ్వుకున్నాం.

తుక్కు అన్న మాట ఆయన నోట రాదు. పాడైన వస్తువును చూసి, దీనికి ఒంట్ల బాగలేదు అనేవాడు. సాయంత్రం ఇంటికి పోయే ముందు తుక్కు డ్రమ్ము దగ్గర ఆగి, లోపల చెయ్యి పెట్టి కెలికి, ఏదో ఒకటి బయటికి తీసి నా బల్ల మీద పెట్టేవాడు. మళ్లొకసారి చూడమని. తుక్కు కొనేవాడు ఈయన్ని చూస్తే ముఖం మాడ్చుకునేవాడు. ఒక పెద్ద ఇనుప రోలరు పారేయబోతుంటే దాని పక్కనే నిలబడి ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ వినబడుతుంది.

"అరిగింది ఎంటిక మందం. పారేసేది ఇద్దరు మోసేటంత. గిదేం ఇన్సాఫ్?"

మా పని గురించి పెద్ద పెద్ద సభల్లో చాలా మంది చాలా చెప్పగా విన్నాను. కొత్త భాగం పోత పోయడానికి ఎంత బొగ్గు, ఎంత కరెంటు, ఎంత నీరు అని బొమ్మలు వేసి చూపిస్తారు. వాటన్నిటి సారం ఈ మాటలోనే ఉందని నాకు అనిపిస్తుంది.

అలాగని ఆయన చేసినదల్లా బాగుపడేదని కాదు. నేను చేరకముందు ఒక అల్యూమినియం గేరుబాక్సు మూతకు తుప్పు గుంటలు పడితే వెల్డింగుతో పూడ్చాడట. వేడికి మూత వంకరపోయింది. సేటు ఏమీ అనలేదట. బాపే దాన్ని మోపెడ్‌కు కట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు. ఎందుకని ఒకసారి అడిగాను.

"నా తప్పు నా ఇంట్ల ఉండాలె బిడ్డా. ఈడ గోదాంల వడేస్తె అది అందరిదైతది."

ఆ మూత ఇంట్లో నీళ్ల గోలేనికి మూతయిందట. రోజూ పొద్దున నీళ్లు ముంచేటప్పుడు అది కటకటలాడుతుందనీ, తనకు అదే అలారమనీ చెప్పి నవ్వాడు.

కోల్డ్ స్ప్రే యంత్రంతో పాటే నేను ఆ షెడ్డులోకి వచ్చాను. చదువు కొత్తది, గొంతులో గీర కూడా ఉండేదేమో. యంత్రం సేటు కొన్నది కాదు, ఏడాది కిరాయికి తెచ్చింది. దానికి ఒక గాజు గది కట్టించారు. బాపు గది చుట్టూ రెండు రోజులు తిరిగి, మూడో రోజు నా దగ్గరికి వచ్చి, నిప్పు లేకుండా లోహానికి లోహం ఎట్లా అతుకుతుందని అడిగాడు. బతుకంతా నిప్పుతోనే అతికించిన మనిషి. నేను బోర్డు మీద బొమ్మ వేశాను. రేణువు కరగదు, ధ్వనికంటే వేగంగా వచ్చి కొట్టుకుంటుంది, ఆ దెబ్బకు చదునుగా పరుచుకుని పట్టుకుంటుంది అని అరగంట చెప్పాను. ఆయన మర్యాదగా విన్నాడు. ముక్కుపొడి డబ్బీ తీసి, చిటికెడు పీల్చి, కళ్లు తుడుచుకున్నాడు.

"పిడక గోడకు పెడ్తె పడిపోతది, కొడ్తె అతుకుతది. గంతే గద?"

గంతే. నాలుగేళ్లు చదివిన చదువు ఒక పిడకలో పట్టింది. వెళ్తూ వెళ్తూ ఇంకో మాట కూడా అన్నాడు. వాళ్లమ్మ పిడక కొట్టే ముందు గోడ తుడిచేదట, దుమ్ము మీద కొడితే ఎంత బలంగా కొట్టినా ఎండాక రాలిపోతుందట.

మొదటిసారి పూత వేసి బయటికి తెచ్చిన ముక్క మీద ఆయన అరచెయ్యి పెట్టాడు. చెయ్యి కాలుతుందని అలవాటుగా ముఖం ముడుచుకుని ఉన్నాడు. కాలలేదు. అప్పుడే పాలు పిండిన చెంబులెక్క ఉన్నదన్నాడు. చెయ్యి తియ్యబుద్ధి కాక చాలాసేపు అలాగే ఉంచాడు. ఆ వేళ నుంచి బాపు గాజు గదికి దాసుడైపోయాడు. అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది మరొకటి. దేన్నైనా తడమందే ఉండలేని ఆ మనిషి, గదిలోకి వచ్చేటప్పుడు మాత్రం గుమ్మం దగ్గరే రెండు చేతులూ వెనక్కి కట్టుకునేవాడు. చేతి చమట తగిలినా పూత పట్టదని నేను ఒక్కసారి చెప్పాను. మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు. గుడిలో ప్రదక్షిణం చేసేవాడిలా బల్ల చుట్టూ తిరిగి, మెడ చాచి చూసి వెళ్లిపోయేవాడు.

ఆ సంవత్సరం దసరాకు ముందు షాద్‌నగర్ ఫ్యాక్టరీ ఒకటి మాకు ఒక మూత పంపింది. బాపు పాడుచేసిన లాంటిదే. అల్యూమినియంది, పెద్ద పళ్లెమంత ఉంటుంది, కింద ఆనే ముఖమంతా గుంటలు. దాన్ని బాగుచేసి చూపిస్తే అలాంటివి వాళ్ల గోదాంలో మూల పడి ఉన్నవన్నీ మాకే ఇస్తామన్నారు. లేకపోతే తుక్కుకు పంపేస్తారు. సేటు నన్ను పిలిచి విషయం సూటిగా చెప్పాడు. ఈ మూత గట్టెక్కితే యంత్రం ఉంటుంది, లేదంటే కిరాయి ముగియకముందే తిప్పి పంపేస్తాడు. యంత్రం పోతే నాకూ అక్కడ పని లేదు.

దసరా ముందురోజు షెడ్డులో ఆయుధ పూజ. పొద్దున్నే పూత పట్టేలా మూత ముఖాన్ని గరుకు చేసి సిద్ధంగా పెట్టాను. అలా గరుకు చేసిన అల్యూమినియం ఎక్కువసేపు ఆగదు, కొద్ది గంటల్లో పూత వేసేయాలి. పని మొదలుపెట్టబోతుంటే సేటు వాళ్లమ్మ వచ్చి, పూజ కాకుండా యంత్రాన్ని కదిలించొద్దంది. ఆ వేళ పనివాళ్లలో ఆడదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి పళ్లెం నా చేతికిచ్చింది. దీపం వత్తి ఎగదోసి, ఆ నూనె వేళ్లతోనే పసుపు కుంకుమలు తీసి లేతుకు, డ్రిల్లుకు, కంప్రెసర్‌కు, గాజు గదిలో పొడి కొట్టే గన్నుకు కూడా బొట్లు పెట్టాను. బల్ల మీద ఆ మూత శుభ్రంగా, తెల్లగా కనబడింది. వీటన్నిటికంటే దేవుడి దయ దీనికే ఎక్కువ కావాలి కదా అనిపించింది. పెట్టేశాను.

రెండడుగులు వేశాక చేసిన పని తెలిసొచ్చింది. వెనక్కి వచ్చి పొడిబట్టతో తుడిచాను. కంటికి ఏమీ కనబడలేదు. మళ్లీ గరుకు చేయాలని నాకు తెలుసు. తెలియదని చెప్పను. కానీ అందరూ కొబ్బరి ముక్కలు తింటూ నిలబడి ఉన్నారు, పండక్కి ఇళ్లకు పోవాలి, నేనూ బడంగ్‌పేట్ చేరి ఇంట్లో పనులు చూసుకోవాలి. తుడిచాను కదా, చాలనుకున్నాను. గాజు అవతల బాపు చేతులు వెనక్కి కట్టుకుని నా వైపే చూస్తున్నాడు. నేను చూపు తిప్పుకుని పూత వేసేశాను.

పండగ అయిన మర్నాడు మూతను లేతు మీద పెట్టి ముఖం చదును చేస్తుంటే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఇంజనీరు, సేటు, నేను, బాపు చుట్టూ ఉన్నాం. పూత తళతళా తేలుతోంది. ఇంజనీరు తల ఊపుతున్నాడు. అంతలో టప్‌మని ఒక పెచ్చు ఎగిరి కింద పడింది. గుండ్రంగా, బొట్టంత ఉంది. అందరికంటే ముందు బాపు వంగి తీసుకున్నాడు. తిప్పి చూశాడు. ఆయన పక్కనే ఉన్నాను కాబట్టి నాకూ కనబడింది. దాని అడుగున పసుపు చార ఉంది. ఆయన గుప్పిట మూశాడు.

గరుకు చేశాక దీన్ని ఎవరు ముట్టుకున్నారని సేటు అడిగాడు.

మా దగ్గర మాట మధ్యలో విమానం వస్తే ఎంతటివాళ్లైనా ఆగాల్సిందే. నోట్లో మాట నోట్లోనే పెట్టుకుని, చప్పుడు పోయేదాకా ఒకరి ముఖాలు ఒకరం చూసుకుంటాం. సేటు అడిగిన వెంటనే విమానం ఒకటి షెడ్డు మీద నుంచి కిందికి దిగుతూ వెళ్లింది. ఆ చప్పుడంతా నాకు దొరికిన సమయమే. నేను అని చెప్పడానికి కావలసినంత సమయం. పెదవులు కూడా తెరిచాననుకుంటా. చప్పుడు సన్నగిల్లాక మాట్లాడింది బాపు.

"నేనే సేటూ. చెయ్యి వెట్టిన. అలవాటు చావలే."

అందరూ నమ్మారు. ఎందుకు నమ్మరు? కారు బానెట్ నిమిరిన చేతులవి. ఫ్యాక్టరీ ఇంజనీరు నిట్టూర్చి, అయితే తప్పు యంత్రానిది కాదన్నమాట అన్నాడు. ఇంకో అవకాశం ఇస్తామన్నాడు. సేటు ఆ అవమానమంతా బాపు మీద తీర్చుకున్నాడు. ఇక ఆ గదిలో కాలు పెట్టొద్దన్నాడు. జరిగింది కాగితం మీద రాసి సంతకం తీసుకోమని నాకు చెప్పాడు. నేను రాశాను. నా చేత్తోనే రాశాను. సంతకం ఎక్కడ పెట్టాలె బిడ్డా అని ఆయన అడిగితే వేలితో చోటు చూపించాను.

సాయంత్రం షెడ్డు వెనక కంప్రెసర్ దగ్గర ఆయన్ని పట్టుకున్నాను. ఎందుకిలా చేశావని అడిగాను. ఏడ్చాను కూడా. ఆయనకు నా ఏడుపు కాస్త విసుగు పుట్టించినట్టుంది.

"నువ్వు చెప్తె నడిపేదానికే పని తెల్వదంటరు, మిషిన్ వోతది. నేను చెప్తె నేనొక్కన్నే బయటికి వోత. నీకోసమనుకునేవు, నీకోసం కాదు. షాద్‌నగర్ల ఇంక గన్ని మూతలున్నయి, పారేస్తరు."

ఇకనుంచి బొట్టు బల్లకు పెట్టమన్నాడు. దేవుడు బల్ల మీద ఉన్నా చూస్తడన్నాడు. అప్పటినుంచి మా షెడ్డులో ఆయుధ పూజనాడు భాగాలకు బొట్టు పెట్టం, అవి పెట్టే బల్లకు పెడతాం. ఎందుకో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

రెండో మూత నిలబడింది. తర్వాత షాద్‌నగర్ నుంచి మూతలు ఒకటొకటిగా వచ్చాయి, అన్నీ బాగుపడి వెళ్లాయి. యంత్రం ఉండిపోయింది, నేనూ ఉండిపోయాను. బాపు మాత్రం గాజు అవతలే ఉండిపోయాడు. పని దొరకని వేళల్లో వచ్చి అద్దానికి అరచెయ్యి ఆనించి లోపలికి చూసేవాడు. లోపల చేతులు వెనక్కి కట్టుకున్న మనిషి బయట మళ్లీ తడమడం మొదలుపెట్టాడు. ఊడ్చే ఆమె రోజూ ఆ చెయ్యి ముద్ర తుడుస్తూ తిట్టుకునేది. రెండేళ్ల తర్వాత మోకాళ్లు సహకరించక ఆయన పని మానేశాడు. నేను సేటుకు నిజం చెప్పాలని ప్రతి దసరాకూ అనుకున్నాను. ఆలస్యమైన కొద్దీ అది పెద్దదైపోయింది. పైగా ఆ కాగితం పాఠానికి బాగా పనికొచ్చింది. పిరికిదానికి ఇంతకంటే సౌకర్యం ఏముంటుంది?

ఆయన పోయిన ఐదో రోజున మంఖాల్ వెళ్లాను. బాపు భార్య వాకిట్లో గోలెం దగ్గర ఉంది. గోలెం మీద ఆ వంకర మూత. ఆమె చెంబు ముంచడానికి దాన్ని జరిపితే కటకటలాడింది. నన్ను గుర్తుపట్టి, కాళ్లకు నీళ్లిచ్చి, పీట వేసి కూర్చోబెట్టింది. చివరి రోజుల గురించి కొంచెం చెప్పింది. మంచంలో పడుకుని కూడా పక్కనున్న గోడ తడుముతూ, సున్నం ఎక్కడ లేచిందో చెప్పేవాడట. ఇద్దరం నవ్వాం. నవ్వు ఆగాక నేను చెప్పేశాను. ఆ రోజు మూతను ముట్టుకున్నది ఆయన కాదమ్మా, నేను. బొట్టు పెట్టింది నేను. ఆయన నా తప్పు తన మీదేసుకున్నాడు. ఇన్నేళ్లూ నేను నోరు విప్పలేదు. పైగా పదిమందికీ ఆయన్నే చెడ్డగా చెప్పాను.

ఆమె లేచి లోపలికి వెళ్లింది. ఇక బయటికి రాదేమో, నేను వెళ్లిపోవాలేమో అనుకున్నాను. వచ్చి, ముక్కుపొడి డబ్బీ నా చేతిలో పెట్టింది. మూత తీస్తే అందులో పొడి లేదు. గుడ్డపేలికలో చుట్టిన ఆ పెచ్చు ఉంది. అడుగున పసుపు ఇంకా పోలేదు.

"వచ్చి చెప్తె ఇయ్యి, చెప్పకుంటె ఉండనీ అన్నడు బిడ్డా. మనింట్ల జాగ లేదా అన్నడు."

నా తప్పుకు ఇన్నేళ్లూ ఆ ఇంట్లో జాగ దొరికింది. నేను అక్కడే, ఆ వాకిట్లో, ఆయన కోసం మొదటిసారి ఏడ్చాను. చావుకు వచ్చినవాళ్లు ఏడ్చే ఏడుపు కాదది. ఆమె నా వీపు మీద చెయ్యి వేసి నిమురుతూ కూర్చుంది.

ఇప్పుడు ఆ డబ్బీ బడంగ్‌పేట్‌లో మా వంటింటి అలమరలో ఉప్పు సీసా పక్కన ఉంది. రోజూ పొద్దున కనబడుతుంది. సేటుకు అన్నీ చెప్పాను. ఆయన కిటికీలోంచి బయటికి చూసి, మరి మనిషిని ఆ గదిలోకి రానివ్వకపోతిని కదమ్మా అన్నాడు.

సోమవారం ఆ నలుగురినీ మళ్లీ కూర్చోబెట్టాను. కవర్లోంచి కాగితం తీసి, బాపు పేరు కొట్టేసి, కింద నా పేరు రాసి, సంతకం పెట్టి, మళ్లీ గోడకు తగిలించాను. మొన్న ముందుకు వంగి చదివినతను ఈసారి కూడా వంగి చదివాడు. చదివి, నా వైపు తిరిగి, మొన్న ఒక పెద్దాయన అన్నరు గద మేడం, అసలు ముట్టుకున్నది ఎవరు అని అడిగాడు. అదే సమయానికి పైన విమానం వచ్చింది. అందరం ఆగి ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. చప్పుడు పోయాక ముందు నేనే మాట్లాడాను.